మేరినర్స్ (మన సీటెల్ బేస్‌బాల్ టీం): జులై 31 లోపు ఏం కొనాలి, ఎవర్ని వదులుకోవాలి? మీ లెక్క చెప్పండి

బోథెల్_బుల్లోడు | జులై 16, 2025
నమస్తే అండి అందరికీ. ఆల్ స్టార్ బ్రేక్ కదా, మనాళ్ళ ఆట లేదు, రిమోట్ మా ఆవిడ చేతికెళ్ళిపోయింది, ఊరికే కూర్చోలేక ఈ థ్రెడ్ పెడుతున్నా. 96 గేములయ్యాయి, 51 గెలిచాం 45 పోయాయి, మన డివిజన్లో హ్యూస్టన్ మనకంటే 5 గేములు ముందుంది. మొన్న సోమవారం డెర్బీ (బంతిని గోడ అవతలికి పంపే హోమ్ రన్ల పోటీ) చూశారుగా, మన కాల్ రాలీ గెలిచేశాడు, వాళ్ళ నాన్న బంతులేస్తుంటే తమ్ముడు వెనకాల కూర్చుని పట్టుకుంటున్నాడు, సంక్రాంతి సెలవులకి పెరట్లో ఆడుకుంటున్నట్టే ఉంది. బ్రేక్ కి ముందే 38 హోమ్ రన్లు, అదీ ఒక క్యాచర్, బ్యాటర్ వెనకాల కూర్చుని బంతి పట్టేవాడు. ఇలాంటి ఏడాది మళ్ళీ వస్తుందన్న గ్యారంటీ లేదండి.

జులై 31 మధ్యాహ్నం 3 గంటలకి (మన సీటెల్ టైం) ట్రేడ్ల (ప్లేయర్లని ఇచ్చిపుచ్చుకునే) గేటు మూసేస్తారు. ఈలోపు ఏం తేవాలి? నా ఓటు మాత్రం స్టార్టింగ్ పిచ్చర్ కి (గేము మొదట్నుంచి బంతులేసేవాడు). బ్రైస్ మిల్లర్ మోచెయ్యి బాలేదు, ఇంకో గట్టి చెయ్యి ఉంటే అక్టోబర్ ప్లేఆఫ్స్ లో మనమీద ఎవడూ కొట్టలేడు.

స్కోరుపుస్తకం | జులై 16, 2025
బుల్లోడు గారూ, ఉన్న అన్నంలోకే ఇంకో గిన్నె అన్నం వడ్డించమన్నట్టుంది. కూరేదండీ? గిల్బర్ట్, కిర్బీ, వూ, కస్తీయో ఉన్నారు, పిచ్చింగ్ మనకి ఎప్పుడూ కరువు లేదు. నేను ప్రతి గేమూ పెన్సిల్ పట్టుకుని స్కోర్ రాస్తా (మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి). ఈ ఏడాది పుస్తకం తిరగేస్తే థర్డ్ బేస్ వాడి వరస రోజూ ఒకలాగే ఉంటుంది: 6-3, కె, 4-3 (మూడూ అవుటే, కె అంటే స్ట్రైకౌట్), మధ్యలో ఎప్పుడో ఒక సింగిల్. ఫస్ట్ బేస్ కూడా అంతే, టెల్లెజ్ ని జూన్లో పంపించేశారు, సొలానో ఒకరోజు, రేలీ ఒకరోజు. రాలీ, హూలియో, రాండీ కొట్టి బేసుల మీద నిలబడితే వెనకొచ్చే బ్యాటర్లలో వాళ్ళని హోమ్ దాకా చేర్చి రన్ తెచ్చేవాడు లేడు. నేను గడుల్లో సగం గీసిన గీతలు చూస్తే ఏడుపొస్తుంది, రన్నర్ సెకండ్ దాకా వెళ్ళాడు, గీత అక్కడే ఆగిపోయింది.

చిన్న లెక్క చెప్తా. సుమారు పది రన్లు ఎక్కువ చేస్తే ఒక గెలుపు ఎక్కువ వస్తుందని పాత లెక్క ఉంది. మిగిలింది 66 గేములు. బాగా ఆడే స్టార్టర్ స్థానంలో ఇంకా బాగా ఆడేవాడిని తెస్తే వచ్చే తేడా చిన్నది. అసలు ఏమీ రాని చోట ఒక మామూలు మంచి బ్యాటర్ని పెడితే తేడా పెద్దది. అందుకని ఫస్ట్ బేస్, థర్డ్ బేస్, రెండూ. నాకు పేరున్న స్టార్ అక్కర్లేదు, గొయ్యి పూడ్చేవాడు కావాలి.

బెజవాడ_పొద్దుటాట | జులై 17, 2025
అక్కా అన్నలూ, నేను విజయవాడ నుంచి, రెండేళ్ళ నుంచే చూస్తున్నా. మీ నైట్ గేము 6.40 కి మొదలైతే ఇక్కడ పొద్దున 7.10, ఆఫీసుకి రెడీ అవుతూ చూస్తా. రెండు డౌట్లు. ఒకటి, రాలీ రేలీ ఒకడేనా ఇద్దరా?? రెండోది, ఇలా సీజన్ మధ్యలో వేరే టీం ప్లేయర్ని ఎలా తెచ్చేసుకుంటారు, మన ఐపీఎల్లో లాగా వేలం ఉండదా, ఆ ప్లేయర్ని అడుగుతారా అసలు?

బోథెల్_బుల్లోడు | జులై 17, 2025
హహ ఇద్దరు తమ్ముడూ. కాల్ రాలీ క్యాచర్, ల్యూక్ రేలీ ఫస్ట్ బేస్, అవుట్‌ఫీల్డ్. మేమూ మొదట్లో తికమకపడ్డాం.

మిరపతోట | జులై 17, 2025
పొద్దుటాట తమ్ముడూ, రెండోది నేను చెప్తా. నేను ఫ్రిస్కోలో ఉంటా, టెక్సస్ రేంజర్స్ టీం వాడిని, అయినా ఈ థ్రెడ్ చూస్తే చెయ్యి ఊరుకోలేదు. మాది గుంటూరు పక్కన మిరప తోటలు, నాకు పొలం భాషే వచ్చు, అందులోనే చెప్తా.

ఇక్కడ ప్లేయర్ని అడగరు. కాంట్రాక్టులో నో ట్రేడ్ అని రాయించుకున్నవాళ్ళు, మొత్తం పదేళ్ళు ఆడి అందులో చివరి ఐదేళ్ళు ఒకే టీంలో ఉన్నవాళ్ళు కాదనొచ్చు, మిగతావాళ్ళకి ఫోనొస్తుంది, సూట్‌కేసు సర్దుకోవాల్సిందే. డబ్బిచ్చి కొనడం కూడా కాదు, ప్లేయర్‌కి ప్లేయర్. ఓడిపోతున్న టీం దగ్గర ఈ ఏడాదితో కాంట్రాక్ట్ అయిపోయే మంచోడు ఒకడు ఉంటాడు. వాళ్ళకి వాడితో పని లేదు, సీజనైపోతే ఎలాగూ వెళ్ళిపోతాడు. గెలిచే టీంకి రెండు నెలలకి వాడే కావాలి. వీణ్ణి రెంటల్ అంటారు, మన భాషలో కౌలు. పొలం నీది కాదు, ఒక్క పంట మాత్రం నీది. దానికి కౌలు ఏంటంటే ప్రాస్పెక్ట్లు, అంటే కింది లీగుల్లో పెరుగుతున్న కుర్రాళ్ళు. వాళ్ళు విత్తనాలు. విత్తనాల గింజలు వండుకు తింటే ఈ పూట కడుపు నిండుతుంది, వచ్చే ఏడు ఏం చల్లుతావ్? తగాదా అంతా అక్కడే.

ఇంకోటి, డ్రాఫ్ట్ పిక్కులు (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతులు) అమ్ముకోవడం దాదాపు కుదరదు, ఒక్క కాంపిటీటివ్ బ్యాలెన్స్ పిక్కులు (చిన్న టీములకి అదనంగా ఇచ్చేవి) తప్ప. ఈ వారమే డ్రాఫ్ట్ చేసిన పిల్లాడిని వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకూడదు. అందుకని మీ సీటెల్ వాళ్ళు ఆదివారం మూడో పిక్‌లో తీసుకున్న కేడ్ ఆండర్సన్ పేరు ఎవడైనా ట్రేడ్ పుకార్లలో రాస్తే నమ్మకండి.

ఓరుగల్లు_లెఫ్టీ | జులై 17, 2025
మస్తు చెప్పినవ్ అన్న. నేను అట్లాంటాల ఉంట, డెర్బీ మా స్టేడియంలనే అయింది, టికెట్ రేట్లు జూసి ఇంట్లనే టీవీల జూసిన. 2021 యాదికున్నదా? జులై 10 నాడు మా బ్రేవ్స్ స్టార్ అకూన్యాకి మోకాలు పోయింది, ఏసీఎల్. బ్రేక్ కాడికి 44 గెలుపులు 45 ఓటములు. మా ఆఫీసుల అందరు ఇగ అయిపాయె ఈ ఏడు అన్నరు, నేను గూడ అన్న. మా జీఎం (ప్లేయర్లను తెచ్చేటాయన) ఆంథోపౌలస్ ఏం జేసిండంటే ఒక పెద్ద స్టార్ కోసం ఉరకలె, నలుగురు అవుట్‌ఫీల్డర్లను తెచ్చిండు. పీడర్సన్, డువాల్, సోలేర్, రొసారియో. రొసారియో అయితే తెచ్చినప్పుడు దెబ్బ తాకి ఆడుతనే లేడు! ఆయనకు బదులు పాబ్లో సాండోవల్ను ఇచ్చినం, క్లీవ్‌లాండోళ్ళు అటే తీస్కొని ఇటే తీసేసిన్రు. అంటే ఉత్తగ వచ్చినట్టే.

ఆఖరికి ఏమైంది? 88 గెలుపులతోని డివిజన్ గెలిచినం, లీగ్ సిరీస్ల ఎంవీపీ (మేటి ఆటగాడు) రొసారియో, వరల్డ్ సిరీస్ల ఎంవీపీ సోలేర్. అక్క జెప్పిందే కరెక్టు, గుంత ఎక్కడున్నదో చూసి గాడ మన్ను పొయ్యాలె.

మిరపతోట | జులై 18, 2025
లెఫ్టీ, మీది అదృష్టం కూడా కలిసొచ్చిన కథ. మాది విను. 2023 జూన్ 30న కాన్సస్ సిటీ నుంచి చాప్‌మన్ని తెచ్చారు, వాళ్ళకి పిచ్చర్ కోల్ రేగన్స్ ని, ఇంకో కుర్రాడిని ఇచ్చారు. ఈ రేగన్స్ మా ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ (రేంజర్స్ కింది లీగ్ టీం) లో ఆడినవాడు. మా స్టేడియంలో అవుట్‌ఫీల్డ్ వెనకాల నీళ్ళ కాలవ ఉంటుంది, పిల్లలు ట్యూబుల మీద తేలుతూ గేము చూస్తారు (చూస్తారని మనం అనుకోవాలి), మావాళ్ళు అక్కడ నీళ్ళలో ఉంటే నేను కంచె దగ్గర కూర్చుని వీడి బంతులు చూశా. మోచేతికి రెండు సార్లు టామీ జాన్ ఆపరేషన్ అయిన మనిషి. ఇచ్చేసిన మరుసటి ఏడాది ఆల్ స్టార్ అయి కూర్చున్నాడు.

అదే ఏడాది జులై చివర్లో పిచ్చర్లు కావాలని షెర్జర్ని తెచ్చారు, మాంట్‌గోమరీని తెచ్చారు. మా స్టార్టర్ డిగ్రామ్ మోచెయ్యి జూన్లోనే పోయింది, ఆ గొయ్యి పూడ్చకపోతే అయిపోయేది. మాంట్‌గోమరీ అక్టోబర్లో మమ్మల్ని మోశాడు, మా టీంకి మొట్టమొదటి వరల్డ్ సిరీస్ వచ్చింది. ఇప్పుడు చెప్పండి రేగన్స్ ని ఇచ్చింది తప్పా ఒప్పా? నేనైతే కప్పు వచ్చిన రాత్రి ఏడ్చాను, రేగన్స్ వేసిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతాను, రెండూ నిజమే.

మిస్సిసాగా_మామ | జులై 18, 2025
ఏవయ్యా సీటెల్ వాళ్ళూ, టొరంటో నుంచి పలకరింపులు. మీకు ట్రేడ్లంటే సరదా ఎక్కువ గానీ మీ చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి. 1997 జులై 31, బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్లు, అంటే రిలీవర్లు) బాలేదని బోస్టన్ నుంచి స్లోకమ్ అనే రిలీవర్ని తెచ్చుకుని డెరెక్ లోని, జేసన్ వారిటెక్ ని ఇచ్చేశారు. ఇద్దర్ని! 2004లో బోస్టన్ కప్పు గెలిస్తే వారిటెక్ క్యాచర్, మూడు సిరీస్ల ఆఖరి గేములూ గెలిచిన పిచ్చర్ లో. అదే రోజు మా టొరంటోతో కూడా ఇంకో ట్రేడ్ చేశారు, దాని గురించి ఇప్పుడొద్దులే, పాపం.

బోథెల్_బుల్లోడు | జులై 18, 2025
మామా మీరు పొద్దున్నే ఇలా పుండు మీద కారం చల్లకూడదండి. అయినా 98లో రాండీ జాన్సన్ని హ్యూస్టన్‌కి ఇచ్చినప్పుడు వచ్చిన గార్సియా, గియెన్, హలామా ముగ్గురూ 2001లో 116 గెలుపుల టీంలో ఉన్నారు. అప్పుడు ఇచ్చినవాళ్ళం మనం, బాగుపడింది కూడా మనమే. హ్యూస్టన్ వాళ్ళకి జాన్సన్ రెండు నెలలు 10 గెలుపులు 1 ఓటమితో దుమ్ము లేపాడు, తర్వాత అరిజోనా వెళ్ళిపోయాడు. కౌలు ముగిసింది.

మరి 2022లో కస్తీయోని తెచ్చింది మంచిదే కదా, నోయెల్వి మార్టేని, అరోయోని ఇంకో ఇద్దర్ని ఇచ్చాం, 21 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్స్ చూశాం.

స్కోరుపుస్తకం | జులై 20, 2025
కస్తీయో కౌలు కాదు కదండీ, అప్పటికి ఇంకో ఏడాది పైన చేతిలో ఉంది, ఆ తర్వాత పొడిగించుకున్నాం కూడా. ఎక్కువ కాలం వచ్చేవాడికి ఎక్కువ ఇవ్వచ్చు. రెండు నెలల మనిషికి మన ప్రాస్పెక్ట్ ఎమర్సన్ని అడిగితే మాత్రం ఫోన్ పెట్టేయాలి. నేను మా అమ్మాయిని తీసుకుని ఎవరెట్ (మన కింది లీగ్ టీం ఊరు) వెళ్ళి చూశా ఆ కుర్రాడిని, వాడు బ్యాట్ పట్టుకుని నిలబడే తీరులోనే తొందర లేదు, చెడ్డ బంతి వస్తే కదలడు. వాడిని, మాంటెస్ ని, స్లోన్ని ముట్టుకోకుండా ఎంత దూరం వెళ్ళగలమో అంత వెళ్ళాలి.

ఇంకో విషయం, మన గ్రౌండ్లో చలిగాలికి బంతి లేవదు, ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్ట్ అయిపోయి ఎక్కడికైనా వెళ్ళగల) బ్యాటర్లు ఇక్కడికి రావడానికి జంకుతారన్నది పాత గొడవే. డబ్బు పెడతామన్నా మంచి బ్యాటర్ రావడం కష్టం. ట్రేడ్‌కి అయితే అడగక్కర్లేదు కాబట్టి (మిరపతోట గారు చెప్పినట్టు) మనకి బ్యాట్లు దొరికే సంత ఇదొక్కటే. అరిజోనా వాళ్ళు అమ్మకానికి పెడితే నేలర్, స్వారెజ్ ఇద్దరూ ఉన్నారు, ఒకడు ఫస్ట్ ఒకడు థర్డ్, ఇద్దరికీ ఈ ఏడాదితో ఆఖరు. నాకెందుకో మన కోసమే పెట్టినట్టుంది.

బోథెల్_బుల్లోడు | జులై 24, 2025 రాత్రి
వచ్చేశాడండీ!!! జాష్ నేలర్!!! అరిజోనాకి బ్రాండిన్ గార్సియా, యాష్టన్ ఇజ్జి. ఇద్దరూ పిచ్చర్లే, పెద్ద పేర్లు ఒక్కటీ పోలేదు. స్కోరుపుస్తకం అక్కా మీ నోట్లో పంచదార పొయ్యా.

మిస్సిసాగా_మామ | జులై 25, 2025
మా ఊరి కుర్రాడయ్యా వాడు, మిస్సిసాగాలో పుట్టాడు. జాగ్రత్తగా చూసుకోండి. కోపం ఎక్కువ, స్ట్రైకౌట్లు తక్కువ.

ఓరుగల్లు_లెఫ్టీ | జులై 25, 2025
గాయన ఉరుకుడు జూసిన్రా, లీగ్ల అందరికన్న నెమ్మది ఉరికేటోళ్ళల్ల ఒకడు, కని బేసులు దొంగిలిస్తడు. పిచ్చర్ దిక్కు చూస్కుంట నిలవడి, వాడు జర ఏమరుపాటుగ ఉన్నడంటే ఎల్లిపోతడు. కాళ్ళతోని కాదు, కండ్లతోని దొంగతనం.

బెజవాడ_పొద్దుటాట | జులై 30, 2025
అన్నలూ ఇది నిజమేనా? నిన్న బాల్టిమోర్లో ఒకేరోజు రెండు గేములు ఉంటే, మొదటి గేము అయ్యాక ఓరియోల్స్ పిచ్చర్ డొమింగెజ్ ని టొరంటోకి ఇచ్చేశారట, వాడు అటు డగౌట్‌కి నడిచి వెళ్ళి రెండో గేములో పాత టీం మీదే బంతులేశాడట??

మిస్సిసాగా_మామ | జులై 30, 2025
నిజమే. పొద్దున ఓ డ్రెస్సు సాయంత్రం ఓ డ్రెస్సు. 1982లో యంగ్‌బ్లడ్ అని ఒకాయన మధ్యాహ్నం షికాగోలో మెట్స్ కి హిట్ కొట్టి, రాత్రికి ఫిలడెల్ఫియా వెళ్ళి మాంట్రియల్‌కి ఇంకో హిట్ కొట్టాడు. 62లో హ్యారీ చిటీ అని క్యాచర్ని మెట్స్ వాళ్ళు "బదులు ఎవర్నిస్తామో తర్వాత చెప్తాం" అని తెచ్చుకుని చివరికి వాడినే తిరిగి ఇచ్చేశారు. వాడికి వాడే బదులు.

మిరపతోట | జులై 30, 2025
అరువుకి తెచ్చిన గేదెని పాలు ఇవ్వట్లేదని తిరిగి తోలేసినట్టు 😀

స్కోరుపుస్తకం | జులై 31, 2025
రాత్రి నిద్ర లేదు. స్వారెజ్ కూడా వచ్చాడు. లాక్లియర్, క్రాంటన్, బుర్గోస్ వెళ్ళారు. 36 హోమ్ రన్లు ఉన్నవాడికి ముగ్గురు, అందులోనూ ఎమర్సన్ లేడు, మాంటెస్ లేడు, స్లోన్ లేడు. సోమవారం డెట్రాయిట్లో చేతికి బంతి తగిలింది కదా, ఎక్స్‌రేలో ఏం లేదన్నారు గానీ ఆ రెండు రోజులు అన్ని టీములూ కాస్త వెనకాడి ఉంటాయి, రేటు అక్కడే దిగిందేమోనని నా అనుమానం, అనుమానమే.

నిజానికి ఇతను మనవాడే. 2022, 23 ఇక్కడే ఆడాడు, 23లో 214 స్ట్రైకౌట్లయ్యాడు, ఆ నవంబర్లో అరిజోనాకి మనమే ఇచ్చేశాం. ఇల్లు అమ్మేసి రెండేళ్ళకి అదే ఇంట్లో అద్దెకి దిగినట్టుంది.

ఒక్కటే బాధ. విలియమ్సన్ని టకోమాకి (మన కింది లీగ్ టీంకి) పంపేశారు. కుర్రాడి చెయ్యి బంగారం, థర్డ్ బేస్ దగ్గర బంతి దాటి పోదు, కానీ ఏడాదంతా ఒక్క హోమ్ రన్. మా అమ్మాయికి ఇష్టమైన ప్లేయర్, వాడి పేరున్న టీషర్ట్ వేసుకుని బడికి వెళ్తుంది. పొద్దున చెప్తే, "వాడేం తప్పు చేశాడమ్మా" అంది. ఏం చెప్పాలి? ఇరవై ఆరు మందే ఉండాలి నాన్నా, ఒకరొస్తే ఒకరు వెళ్ళాలి అన్నా. ఆప్షన్లు ఉన్నాయి కాబట్టి పోగొట్టుకోకుండా కింద లీగ్‌కి పంపొచ్చు, లేకపోతే వేవర్స్ లో పెట్టాలి, వేరేవాడు ఎత్తుకుపోతాడు. అదంతా తనకి అనవసరం, టిఫిన్ తినకుండా వెళ్ళిపోయింది.

బోథెల్_బుల్లోడు | జులై 31, 2025, సాయంత్రం
గేటు మూసేశారండి. మనకి నేలర్, స్వారెజ్, పిట్స్‌బర్గ్ నుంచి లెఫ్టీ రిలీవర్ కేలబ్ ఫెర్గూసన్. అంతే. హ్యూస్టన్ వాళ్ళు కొర్రేయాని మళ్ళీ తెచ్చుకున్నారు. సాన్ డియేగో వాళ్ళు రిలీవర్ మేసన్ మిల్లర్ కోసం ప్రాస్పెక్ట్ డె వ్రీస్ ని ఇచ్చేశారు, ఆ పిల్లాడికి పద్దెనిమిదేళ్ళు, అమ్మో నా గుండె ఆగిపోయేది. మామా, మీ టొరంటో వాళ్ళు పిచ్చర్ బీబర్ని తెచ్చారేంటి, నిరుడు ఏప్రిల్లో టామీ జాన్ అయినవాడు, ఇంకా పైలీగ్‌లో బంతి వెయ్యలేదు?

మిస్సిసాగా_మామ | జులై 31, 2025
మేము అక్టోబర్ కోసం కొన్నాం నాయనా, ఆగస్టు కోసం కాదు.

మిరపతోట | ఆగస్టు 1, 2025
నా మాట కూడా రాసి పెట్టుకోండి. బ్యాట్లు రెండు తెచ్చారు, బాగుంది. రిలీవర్లు? మున్యోస్, బ్రాష్ తర్వాత ఎవరు? ఫిలడెల్ఫియా, సాన్ డియేగో, యాంకీస్, మీ టొరంటో అందరూ బుల్‌పెన్ కే పరిగెత్తారు ఈసారి. మామూలు రోజుల్లో ఐదో రిలీవర్ ఎవడైనా ఒకటే, అక్టోబర్లో వరసగా గేములు పడితే ఏడో ఇన్నింగ్స్ కి వాడే దిక్కు. మాంట్‌గోమరీ గురించి ఎంత చెప్పినా మా 2023లో రోజూ గుండె చేత్తో పట్టుకుని చూసింది బుల్‌పెన్నే.

స్కోరుపుస్తకం | ఆగస్టు 1, 2025
రాసుకున్నా అండి. ఒప్పుకోను గానీ రాసుకున్నా.

ఓరుగల్లు_లెఫ్టీ | సెప్టెంబర్ 12, 2025
ఏమైందన్న మీ స్వారెజ్‌కి? కొడితే గోడ అవతల, లేకుంటే గాలికి ఊపుడే.

బోథెల్_బుల్లోడు | సెప్టెంబర్ 12, 2025
అడక్కండి. ఇరవయ్యో తారీకున అప్పు తీరుస్తానని ప్రతి నెలా చెప్పేవాడిలా ఉన్నాడు, రేపు కొడతాడు రేపు కొడతాడు అని చూస్తున్నాం. నేలర్ మాత్రం పెట్టిన ప్రతి పైసా తిరిగిచ్చాడు.

బోథెల్_బుల్లోడు | సెప్టెంబర్ 29, 2025
సీజన్ లెక్క: 90 గెలుపులు 72 ఓటములు, 2001 తర్వాత మొదటిసారి డివిజన్ మనదే. రాలీ 60 కొట్టాడు, అరవై!! డివిజన్ ఖాయమైన రాత్రే అరవయ్యోది. నేలర్ మన దగ్గరకొచ్చాక బ్యాటింగ్ సగటు .299, 9 హోమ్ రన్లు, 19 బేసులు దొంగిలించాడు. స్వారెజ్ .189, కానీ 13 హోమ్ రన్లు. మొత్తం ఏడాదికి 49.

బెజవాడ_పొద్దుటాట | సెప్టెంబర్ 30, 2025
.189 అంటే పాసా ఫెయిలా అక్కా?

స్కోరుపుస్తకం | సెప్టెంబర్ 30, 2025
ఫెయిలే తమ్ముడూ. కానీ నా పుస్తకంలో ఆ వరస చూస్తే ఇంతకుముందులా లేదు. కె, కె, ఎఫ్ 8 (క్యాచ్ అవుట్), తర్వాత ఒక నిండు డైమండ్ (అంటే రన్). పిచ్చర్ వాడికి తేలిగ్గా బంతి వెయ్యలేడు, వాడి ముందు వాడికి కూడా జాగ్రత్తగా వెయ్యాలి. అదంతా సగటులో కనపడదు.

ఓరుగల్లు_లెఫ్టీ | సెప్టెంబర్ 30, 2025
అక్క నువ్వు స్వారెజ్ వకాల్తా పట్టినవా 😀

బెజవాడ_పొద్దుటాట | అక్టోబర్ 18, 2025
పొద్దున మూడున్నరకి అలారం పెట్టుకుని లేచా. మా అమ్మ దొంగలు పడ్డారనుకుంది. ఎనిమిదో ఇన్నింగ్స్, మనం ఒక రన్ వెనకాల, రాలీ కొట్టి సమం చేశాడు, తర్వాత పొలాంకోకి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే ఫస్ట్ బేస్), నేలర్‌కి వాక్, పిచ్చర్ని మార్చారు, రాండీకి బంతి తగిలింది, బేసులు నిండాయి, స్వారెజ్ వచ్చాడు. గ్రాండ్ స్లామ్, బేసులు నిండుగా ఉండగా హోమ్ రన్, ఒకేసారి నాలుగు రన్లు. అరిచా. ఈసారి పక్కింటివాళ్ళు కూడా లేచారు. 6-2. లీగ్ ఫైనల్ సిరీస్ లో టొరంటో మీద 3-2. ఇంకొక్కటి గెలిస్తే వరల్డ్ సిరీస్!!!!

స్కోరుపుస్తకం | అక్టోబర్ 17, 2025 (ఇక్కడ ఇంకా పదిహేడే)
స్టేడియంలో ఉన్నా. గొంతు పోయింది, టైపే చెయ్యగలను. రెండో ఇన్నింగ్స్ లో కూడా వాడే ఒకటి కొట్టాడు. పెన్సిల్ విరిగింది. డైమండ్ సగమే నిండింది, పక్కన కూర్చున్న పెద్దాయన పెన్ను ఇచ్చాడు, మా సీజన్ మొత్తంలో పెన్నుతో రాసింది అదొక్కటే.

ఓరుగల్లు_లెఫ్టీ | అక్టోబర్ 17, 2025
ఆ బంతి ఏసిందెవరో చూసిన్రా? డొమింగెజ్. గదే, బాల్టిమోర్ల డగౌట్ మారినాయన. జులైల వాళ్ళు కొన్నోడు ఏస్తే జులైల మీరు కొన్నోడు కొట్టిండు. మామా ఉన్నవా?

మిస్సిసాగా_మామ | అక్టోబర్ 17, 2025
ఉన్నా. రెండు గేములు మా ఊళ్ళో ఉన్నాయి, తొందరపడకండి.

బోథెల్_బుల్లోడు | అక్టోబర్ 20, 2025, రాత్రి
దీపావళి పూట ఇలా అయ్యిందేంటండీ. ఐదింటికి ఆఖరి ఏడో గేము, ఆరింటికి పూజ, నేను దేవుడి ముందు కూర్చుని ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నా, మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. 3-1 తో ముందున్నాం. హారతి అయ్యాక పిల్లలతో గుమ్మంలో దీపాలు పెట్టి లోపలికొచ్చేసరికి ఏడో ఇన్నింగ్స్, వూ ఇద్దర్ని బేసుల మీద వదిలి వెళ్ళాడు, రిలీవర్ బజార్డో వచ్చాడు, టొరంటో వాళ్ళ స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు. 4-3. అంతే. వరల్డ్ సిరీస్ కి ఎనిమిది అవుట్ల దూరం.

మిస్సిసాగా_మామ | అక్టోబర్ 20, 2025
బాగా ఆడారు. ఎగతాళి చెయ్యను ఈ రాత్రి. స్టార్ట్ చేసింది మాత్రం బీబరే అని ఒక్కమాట చెప్పి వెళ్ళిపోతా.

మిరపతోట | అక్టోబర్ 21, 2025
నేను అన్నానని గుర్తు చెయ్యడం కాదు గానీ, ఏడో ఇన్నింగ్స్.

స్కోరుపుస్తకం | అక్టోబర్ 21, 2025
తెలుసండీ, ఆగస్టు 1న రాసుకున్న కాగితం పుస్తకంలోనే ఉంది, పొద్దున తీసి చూశా. మీదీ నిజమే. కానీ బజార్డో ఏడాదంతా బాగా వేసినవాడు, వాడేమీ అనామకుడు కాదు. మున్యోస్ ని ఏడులోనే దింపాల్సింది కదా అంటే అది మేనేజర్ డాన్ విల్సన్ లెక్క, జులై లెక్క కాదు. ఇంకో రిలీవర్ని కొని ఉంటే అప్పుడు వాడే వచ్చేవాడా, వచ్చినా స్ప్రింగర్ కొట్టేవాడు కాదా, ఎవరు చెప్తారు. గేము 5 లో స్వారెజ్ లేకపోతే గేము 7 దాకా వచ్చేవాళ్ళమే కాదు. నేను మళ్ళీ జులైకి వెళ్తే మళ్ళీ ఆ ఇద్దర్నే తెస్తా. (ఒక రిలీవర్ని కూడా తెస్తా. సరేనా.)

మిరపతోట | అక్టోబర్ 21, 2025
సరే 🙏 బీబర్ నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తిగా వెయ్యలేదని మామకి ఎవరైనా చెప్పండి.

బోథెల్_బుల్లోడు | నవంబర్ 18, 2025
ఈ థ్రెడ్ పైకి లాగుతున్నా. మన నేలర్ ఇక్కడే ఉంటున్నాడండి, ఐదేళ్ళు, 92.5 మిలియన్లు. బ్యాటర్లు మన ఊరికి రారన్నారు కదా అక్కా, ఒకసారి తీసుకొచ్చి చూపిస్తే ఉంటున్నారు. సీజన్ మధ్యలో చేతులు మారాడు కాబట్టి వేరే టీంకి వెళ్ళిపోయుంటే మనకి బదులు డ్రాఫ్ట్ పిక్ కూడా వచ్చేది కాదు, ఉత్త చేతులే.

మిరపతోట | నవంబర్ 18, 2025
కౌలుకి చేసిన పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నారన్నమాట. శుభం. రేటు కాస్త ఎక్కువే.

బెజవాడ_పొద్దుటాట | నవంబర్ 19, 2025
మరి స్వారెజ్? థర్డ్ బేస్ మళ్ళీ ఖాళీయేనా?

స్కోరుపుస్తకం | నవంబర్ 19, 2025
విలియమ్సన్ ఉన్నాడుగా. మా ఇంట్లో టీషర్ట్ ఉతికి సిద్ధంగా పెట్టారు.